వేసవి కొలువులు – 9: కరువు ఏట లేచిన మేడ

ఊటీలో సెయింట్ స్టీఫెన్స్ చర్చిలోకి వెళ్లి తలెత్తి చూస్తే కప్పును మోస్తున్న భారీ టేకు దూలాలు కనబడతాయి. అవి నీలగిరి అడవిలో కొట్టినవి కావు. శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ కాపురమున్న లాల్ మహల్‌ను విప్పి తెచ్చినవి. 1799లో టిప్పు నేలకొరిగాడు. కొండమీద తమకో గుడి కావాలని దొరలకు తోచినప్పుడు ఆ కలప గుర్తొచ్చింది. ఏనుగుల చేత ఘాట్ ఎక్కించారు. సుల్తాన్ పడకగదికి నీడనిచ్చిన దుంగలు, ఆయన్ని ఓడించినవాళ్లు మోకరిల్లే చోటికి నీడనివ్వడం మొదలుపెట్టాయి.

పునాదిరాయి పడింది 1829 ఏప్రిల్ 23న. వేయించినవాడు మద్రాసు గవర్నరు స్టీఫెన్ రంబోల్డ్ లషింగ్టన్. చర్చికి సెయింట్ స్టీఫెన్ పేరు ఎందుకు పెట్టారన్నది ఇక పాఠకులే ఊహించుకోవచ్చు. నమూనా గీసి కట్టించినవాడు మద్రాసు సైన్యంలోని కెప్టెన్ జాన్ జేమ్స్ అండర్‌వుడ్. ఖర్చు సుమారు 24,000 రూపాయలు. 1830 నవంబరులో కలకత్తా బిషప్ వచ్చి ప్రతిష్ఠ చేశాడు. 1831 ఏప్రిల్ 3న, ఈస్టర్ ఆదివారం నాడు జనానికి తలుపులు తెరిచారు. లేత పసుపురంగు గోడలతో, గుట్ట మీద ఒద్దికగా నిలబడ్డ ఈ చిన్న చర్చి ఊటీలో ఇంకా వాడుకలో ఉన్న పాత కట్టడాల్లో మొదటి వరసలోది.

గత వారం కున్నూరు దాకా ఎక్కి ఆగాం. ఈ వారం ఊటీ. తెలుగువాళ్లకు ఈ ఊరు ముందు సినిమా పాటగా, తర్వాత పెళ్లయిన కొత్తలో వెళ్లే చోటుగా పరిచయం. హీరో హీరోయిన్లు పరిగెత్తిన పచ్చిక మన కళ్లకు అంత అలవాటైపోయింది కాబట్టి దాని పక్కనున్న కట్టడాలను పట్టించుకోం. నిజానికి మనకూ ఆ కట్టడాలకూ ఉన్న చుట్టరికం సినిమా కంటే పాతది. గంజాం నుంచి తిరునల్వేలి దాకా పరుచుకున్న మద్రాసు రాజధానిని ఏడాదిలో సగం రోజులు ఈ కొండమీద నుంచే ఏలారు. గోదావరి, కృష్ణా, నెల్లూరు, కడప, కర్నూలు, బళ్లారి జిల్లాల శిస్తు మాఫీ కాగితాలు, కాలువ మరమ్మతు అంచనాలు, కరువు నివేదికలు ఎండాకాలంలో మెట్టుపాళయం దాకా రైల్లో, అక్కడి నుంచి టాంగాల్లో పైకెక్కి, సంతకం పడ్డాక కిందికి దిగేవి. ఏయే ఇళ్లలో ఆ సంతకాలు పడ్డాయి, ఆ ఇళ్లు ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నాయి అన్నదే ఈ భాగం.

కథ జాన్ సలివాన్‌తో మొదలవుతుంది. టిప్పు రాజ్యం పోయాక నీలగిరి కుంఫిణీ లెక్కల్లో కోయంబత్తూరు జిల్లాకు తోకగా చేరింది. 1812లో ఇద్దరు సర్వేయర్లు పైకి వచ్చి పోయినా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1819 జనవరిలో కోయంబత్తూరు కలెక్టర్ హోదాలో సలివాన్ స్వయంగా ఎక్కాడు. కింద మైదానంలో ఎండ, జ్వరాలు. పైన, ఏడు వేల అడుగుల ఎత్తున, రాత్రిళ్లు కంబళి కప్పుకోవలసిన చలి. ఆయన మళ్లీ మళ్లీ ఎక్కాడు. కోటగిరి దగ్గర కన్నేరిముక్కులో మొదటి బంగళా కట్టాడు. అది ఇప్పటికీ ఉంది. శిథిలమవుతుంటే బాగుచేసి నీలగిరి చరిత్ర పత్రాలు దాచే కేంద్రంగా మార్చారు. తర్వాత ఇంకా పైకి జరిగి, 1822లో ఇప్పటి ఊటీ నడిబొడ్డున రాతి ఇల్లు మొదలుపెట్టాడు. అదే స్టోన్‌హౌస్. ఊరికి మొదటి ఇల్లు.

ఆ నేల ఎవరిది? తోడాలది. గేదెలను మేపుకుంటూ, వంపు తిరిగిన కప్పుల గుడిసెల్లో, ఒక్కో మందలో, అంటే వాళ్ల పల్లెలో, నాలుగైదు కుటుంబాలుగా బతికే జనం. సలివాన్ వాళ్ల దగ్గర ఎకరా రూపాయి చొప్పున నేల కొన్నాడు. ఆ ధరకు అంత నేల చేతికొచ్చాక ఆపిల్, పీచ్, బంగాళాదుంప, గోధుమ, బార్లీ అన్నీ వేసి చూశాడు. 1823 ప్రాంతంలో వాగుకు అడ్డుకట్ట వేయించి చెరువు తవ్వించాడు. ఇవాళ పడవ షికారు చేసే ఊటీ సరస్సు అదే. అప్పట్లో దాని నీళ్లు సాగు కోసం.

సలివాన్‌ను ఒట్టి భూకబ్జాదారుగా తీసిపారేయడానికి వీల్లేదు. ఈ కొండ మీద తోడాలకు పూర్తి హక్కు ఉందని, కొత్తగా వచ్చేవాడెవడైనా వాళ్లకు పరిహారం ఇచ్చి తీరాలని పై అధికారులతో వాదించినవాడు ఆయనే. కొనడం ముందు తనే కొని, హక్కుల మాట తర్వాత ఎత్తాడని ఎవరైనా అంటే దానికీ జవాబు లేదనుకోండి. ఏదేమైనా ఆ వాదన గవర్నరు లషింగ్టన్‌కు నచ్చలేదు. ఆయనకు ఈ కొండ జబ్బుపడ్డ సిపాయిలు, దొరలు కోలుకునే ఆరోగ్యధామంగా కావాలి, అదీ త్వరగా. 1830లో నీలగిరిలో చాలా భాగాన్ని కోయంబత్తూరు నుంచి కోసి మలబారు జిల్లాలో కలిపేశాడు. ఊటీని ఒక సైనికాధికారి చేతికి అప్పగించాడు. సలివాన్ కట్టిన ఊళ్లో సలివాన్ మాట చెల్లకుండా పోయింది. మళ్లీ కోయంబత్తూరులో కలిసేసరికి 1843 వచ్చింది. అప్పటికి ఆయన ఇంగ్లండు వెళ్లిపోయి రెండేళ్లు. ఈలోగా భార్య హెన్రియెట్టానూ, ఒక కూతురునూ పోగొట్టుకున్నాడు. ఇద్దరి సమాధులూ ఆ సెయింట్ స్టీఫెన్స్ ఆవరణలోనే, లషింగ్టన్ కట్టించిన చర్చి నీడలోనే ఉన్నాయి. సలివాన్ స్వదేశం చేరాక కూడా ఊరుకోలేదు. దేశీయ సంస్థానాలను కుంఫిణీ మింగడం అన్యాయమని రాస్తూ, మాట్లాడుతూ 1855లో పోయాడు.

స్టోన్‌హౌస్ మాత్రం చేతులు మారుతూ నిలిచింది. మద్రాసు ప్రభుత్వం వేసవి మకాం ఇక్కడికి తెచ్చాక ఆ గుట్ట మీదే కచేరీలు వెలిశాయి. ఇప్పుడది ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల ఆవరణ, సలివాన్ రాతి ఇంట్లో ప్రిన్సిపాల్ గారి గది. 1955లో కాలేజీ పెట్టకపోయి ఉంటే ఆ ఇల్లు ఈపాటికి ఏ హోటల్ కార్ల షెడ్డు కిందో సమాధి అయ్యేది. ఊటీలో నిలిచిన కట్టడాల్లో చాలావాటికి పురావస్తు ప్రేమ ఏమీ తోడురాలేదు. ఎవరో ఒకరికి గది అవసరమైంది, అంతే.

1834లో ఊటీకి ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. ఒకరు గవర్నర్ జనరల్ విలియం బెంటింక్, ఒంట్లో బాగాలేక. రెండోవాడు మెకాలే. ఇండియా ప్రభుత్వంలో న్యాయ సభ్యుడిగా కొలువులో చేరడానికి ఓడలో మద్రాసు దిగాడు. పై అధికారి ఊటీలో ఉన్నాడు కాబట్టి అక్కడికే రమ్మని కబురు. మద్రాసు నుంచి బెంగళూరు, మైసూరు మీదుగా దాదాపు 400 మైళ్లు బోయీల భుజాల మీద, పల్లకీలో ప్రయాణం. ఇండియా మొత్తానికి శాసనాలు రాయడానికి వచ్చినవాడు ముందుగా చూసిన పాలన ఏమిటంటే, మోసేవాళ్లు మారుతూ ఉంటే తాను పడుకుని పుస్తకాలు చదువుకోవడం. వర్షాకాలమంతా కొండమీద తడిసి, చాలినంత విసిగి కలకత్తా వెళ్లాడు.

మరో పదమూడేళ్లకు రిచర్డ్ బర్టన్ వచ్చాడు, సెలవు మీద. అప్పటికి సామాన్య సైనికోద్యోగి. ఊరి సంఘజీవితాన్ని చూసి విసుక్కుని, ఎగతాళి చేస్తూ 1851లో గోవా, నీలగిరుల మీద పుస్తకమే రాసేశాడు. ఇంగ్లండు వదిలి ఏడు సముద్రాలు దాటొచ్చి మళ్లీ ఇంగ్లండులాంటి ఊరే కట్టుకున్నవాళ్లను చూస్తే ఆయనకు నవ్వాగలేదు. ఊటీని పొగిడిన దొరల రాతలు బండెడున్నాయి. తిట్టినవాడి రాత అందులో చదవబుల్‌గా ఉండటం నాకైతే వింతగా లేదు.

అదే 1840ల్లో ఇళ్లు జోరుగా లేచాయి. సర్ విలియం రంబోల్డ్ 1831–32లో కట్టించిన స్తంభాల మేడ 1840ల్లో ఊటీ క్లబ్ అయింది, ఇప్పటికీ క్లబ్బే. 1829 నాటి మిషనరీ బడి చేతులు మారి మారి సవాయ్ హోటల్ అయింది. 1844లో మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన కెప్టెన్ ఎఫ్. కాటన్ ఫెర్న్‌హిల్ అనే బంగళా కట్టాడు. ఇంటిపేరు విని మీకు ధవళేశ్వరం గుర్తొచ్చి ఉంటుంది. నిజమే, గోదావరికి ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్‌కు తమ్ముడు ఫ్రెడరిక్ ఈయన. అన్నగారు గోదావరి నీళ్ల కోసం కుంఫిణీతో పోట్లాడుతున్న రోజుల్లో తమ్ముడుగారు చలికొండలో ఇల్లు అమర్చుకున్నాడు. నీలగిరికి యూకలిప్టస్ తెచ్చిన ఘనత కూడా కెప్టెన్ కాటన్‌కే కడతారు. దొరల ఇళ్ల పొయ్యిలకు షోలా అడవులు కరిగిపోతుంటే త్వరగా పెరిగే వంటచెరకు కావలసివచ్చింది. ఆ చెట్లు ఎన్ని పచ్చిక బయళ్లను మింగాయో ఇప్పుడు కొండ ఎక్కేవాళ్లందరికీ కనబడుతూనే ఉంది. తైలం సీసా కొనుక్కుని దిగడం మాత్రం మానం.

1848 నుంచి డబ్ల్యూ.జి. మెకైవర్ అనే తోటపనివాడు బొటానికల్ గార్డెన్‌ను రూపుదిద్దాడు. అప్పటి గవర్నరు ట్వీడ్‌డేల్ ప్రోత్సాహం. తోట పైకొసన ఇప్పటికీ ఒక తోడా మంద ఉంది. పూల ప్రదర్శనకు వచ్చేవాళ్లు అక్కడిదాకా ఎక్కి, ఫొటో తీసుకుని దిగుతారు.

ఇక అసలు సంగతి.

1860ల దాకా గవర్నర్లు తమకు వీలైనప్పుడు వచ్చి, అద్దె బంగళాల్లో దిగి, వెళ్లిపోయేవారు. 1870 ప్రాంతం నుంచి అది ఏటేటా జరిగే ప్రభుత్వ వలసగా స్థిరపడింది. ఏప్రిల్‌లో ఎక్కడం, అక్టోబరులో దిగడం. గవర్నరు ఒక్కడే అయితే ఎవరూ ఏమీ అనుకునేవారు కాదేమో. కార్యదర్శులు, గుమాస్తాలు, జవాన్లు, దఫ్తరాల పెట్టెలు, వంటవాళ్లు, గుర్రాలు, వాటి గడ్డితో సహా కదిలేవి. మద్రాసు పత్రికలు ఏటా వేసవి మొదట్లో దీన్ని దుమ్మెత్తిపోసేవి. రైతు ఎండలో శిస్తు కట్టాలి, వసూలు చేసేవాడు చలిలో లెక్క చూసుకుంటాడు అన్నది వాళ్ల వాదన సారాంశం. దొరల సమాధానం ఎప్పుడూ ఒక్కటే: చల్లటి బుర్ర నాలుగు గంటల్లో చేసే పని, ఉడికిపోయిన బుర్ర పది గంటల్లో కూడా చేయలేదట. ఎండకు ఉడికేది తెల్లవాడి బుర్ర మాత్రమేనా అని ఎవరైనా అడిగి ఉంటే ఆ ప్రశ్న ఫైలు పైకెక్కలేదు.

1875లో బకింగ్‌హామ్ డ్యూక్ మద్రాసు గవర్నరుగా వచ్చాడు. 1876లో వానలు మొహం చాటేశాయి. మన పెద్దవాళ్లు ఆ ఏడాది పేరు పెట్టి ధాత కరువు అన్నారు. దత్తమండలాలను అది తుడిచిపెట్టేసింది. బళ్లారి (అనంతపురం అప్పటికి అందులో భాగమే, 1882లో విడిపోయింది), కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు ముందు కూలాయి. కర్నూలు జిల్లాలో 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య నాలుగోవంతు మనుషులు తగ్గారు. ఆ తగ్గుదలలో వలస కొంత, చావు ఎంతో. ఊళ్లకు ఊళ్లు కరువు పనుల్లోకి, గంజి కేంద్రాల దగ్గరికి నడిచాయి.

కలకత్తా నుంచి సర్ రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించడానికి దిగాడు. 1877 జనవరిలో, రోజల్లా మట్టి మోసే మగమనిషికి ఇచ్చే ధాన్యాన్ని ఒకటిన్నర పౌను నుంచి ఒక పౌనుకు, అంటే సుమారు 450 గ్రాములకు కోశాడు. దానితోపాటు ఒక అణా. మద్రాసు ఆరోగ్య కమిషనర్ కోర్నిష్ దొర ఇది తిని పనిచేసేవాడు బతకడని లెక్కలతో ఎదురు తిరిగాడు. కొన్ని నెలల తర్వాత కూలి మళ్లీ కొంత పెంచక తప్పలేదు. ఈ పోరులో డ్యూక్ మంచిపక్షానే ఉన్నాడని ఒప్పుకోవాలి. కరువు మొదట్లోనే ఆయన ప్రభుత్వం ధాన్యం కొని నిల్వచేసింది. వ్యాపారంలో జోక్యం చేసుకుంటావా అని వైస్రాయి లిట్టన్ చీవాట్లు పెట్టాడు. కరువు కూలీలతో మద్రాసు నగరంలో అడయారునూ కూవాన్నీ కలుపుతూ కాలువ తవ్వించిందీ డ్యూకే. కృష్ణా డెల్టా వైపు పెదగంజాం దాకా మనవాళ్లు పడవల్లో ఉప్పు, ధాన్యం, కట్టె మోసుకున్న బకింగ్‌హామ్ కాలువకు ఆయన పేరు అలా వచ్చింది. ప్రకాశం, నెల్లూరు తీరాన ఇప్పటికీ ఆ కాలువ గట్టు మీద నడిచేవాళ్లకు ఈ పేరు కొత్త కాదు.

ఆ 1877లోనే, కింద ఇదంతా జరుగుతుండగా, అదే డ్యూక్ ఊటీలో గవర్నమెంట్ హౌస్ పనులు మొదలుపెట్టించాడు.

బొటానికల్ గార్డెన్ పైవారన, దొడ్డబెట్ట వాలులో స్థలం. అప్పటిదాకా గవర్నర్లకు సొంత ఇల్లు లేని మాట వాస్తవమే. అద్దె ఇళ్లు చాలడం లేదన్నదీ వాస్తవమే కావచ్చు. కానీ ఆ ఏడాదే ఎందుకన్న ప్రశ్నకు ఏ సమాధానమూ సరిపోదు. ఇంగ్లండులో డ్యూక్ గారిది స్టో అనే బ్రహ్మాండమైన వంశపు సౌధం. తండ్రి అప్పులపాలై సామాను వేలం వేసుకున్న ఇల్లు. ఆ కొడుకు ఊటీలో ఇల్లు కట్టించడంలో చూపించిన పట్టుదల గురించి ఊటీ చరిత్ర రాసిన సర్ ఫ్రెడరిక్ ప్రైస్ బాగానే రాశాడు. ప్రైస్ పుస్తకం 1908లో మద్రాసు ప్రభుత్వమే అచ్చువేసింది. ప్రభుత్వం తన వేసవి ఊరి మీద తానే వంశచరిత్ర రాయించుకుందన్నమాట. ఊళ్లో ఏ బంగళా ఎవరిది, ఎవరు ఎంతకు కొన్నారు, ఎవరి పేరు ఏ గేటుకు ఎలా వచ్చింది అన్నీ అందులో ఉన్నాయి. చదువుతుంటే ఆ గోడలు కట్టిన మేస్త్రీలు, ఉప్పర్లు, వడ్డెరల కోసం కళ్లు వెతుకుతాయి. వాళ్ల పేర్లు దొరకవు.

1877 ఆగస్టు చివర వైస్రాయి లిట్టన్ స్వయంగా కరువు చూడటానికి బళ్లారి మీదుగా దక్షిణానికి వచ్చాడు. డ్యూక్‌తో మాట్లాడాడు, కరువు యాజమాన్యం గురించి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. ఆ పర్యటనలోనే ఊటీ ఎక్కాడు. అక్కడ వాన పడుతోంది. బురద. భార్యకు ఉత్తరం రాస్తూ ఆ వాన అచ్చం ఇంగ్లండు వానే అనీ, ఆ బురద ఇంగ్లండు బురదే అనీ మురిసిపోయాడు. లిట్టన్ కవి కూడా. బళ్లారిలో చూసింది, ఊటీలో చూసింది ఒకే పర్యటనలో కొన్ని రోజుల తేడాతో చూసినవి. చుక్క వాన లేక జనం చచ్చిపోతున్న రాజ్యంలో వాన మీద ఆ ముచ్చట ఆయనకు తప్పనిపించలేదు. ఊటీ బస్టాండులో పర్యాటక కరపత్రాలు ఇప్పటికీ లిట్టన్ పొగడ్తను అచ్చేస్తుంటాయి. సందర్భం రాయరు.

డ్యూక్ పదవీకాలం చివర 1879లో గోదావరి ఏజెన్సీలో రంప పితూరీ లేచింది. దాని కాగితాలూ కొండెక్కే ఉంటాయి. 1880లో ఆయన ఇంటికి వెళ్లాడు. ఆయన తర్వాతి గవర్నరు విలియం ప్యాట్రిక్ ఆడమ్ వచ్చి అయిదారు నెలలు కూడా ఉండకుండా 1881 మేలో ఊటీలోనే పోయాడు. సరస్సు దగ్గర సెయింట్ థామస్ చర్చిలో సమాధి. ఆయన జ్ఞాపకంగా పెట్టిన ఇనుప ఫౌంటెన్‌నే ఊటీ నడిబొడ్డున చేరింగ్ క్రాస్ దగ్గర మనం చూసేది. దాని చుట్టూ ఇప్పుడు చాక్లెట్ కొట్లు, ట్రాఫిక్ పోలీసులు.

గవర్నమెంట్ హౌస్‌కు తర్వాతి గవర్నర్లు నాట్యశాల జోడించారు, గదులు పెంచారు. తెల్లటి గోడలు, బారులు తీరిన స్తంభాలు, ముందు పచ్చిక. తర్వాత అది రాజ్‌భవన్ అయింది. తమిళనాడు గవర్నరు వేసవి విడిది. అంటే ఈ ఊళ్లో ఏ పనికి కట్టారో ఆ పనికే ఇవాళ్టికీ ఉపయోగపడుతున్న కట్టడం అదొక్కటే కావచ్చు, చర్చిలనూ లైబ్రరీనీ మినహాయిస్తే.

ఊటీ క్లబ్ గురించి కూడా ఒక్క ముక్క. స్నూకర్ ఆట పుట్టింది జబల్‌పూర్‌లో, 1875లో. పుట్టించినవాడు నెవిల్ చేంబర్లేన్ అనే కుర్ర సైనికాధికారి, తర్వాత ఇంగ్లండు ప్రధానమంత్రి అయిన చేంబర్లేన్ వేరు. 1880ల మొదట్లో అతను మద్రాసు సైన్యాధిపతి రాబర్ట్స్ పరివారంలో ఊటీకి వచ్చాడు. నియమాలు స్థిరపడి గోడకెక్కింది ఊటీ క్లబ్ బిలియర్డ్స్ గదిలోనే. ఆ గది, ఆ బల్లలు, గోడల మీద వేటలో కొట్టిన జంతువుల తలలు ఇంకా ఉన్నాయి. సభ్యులతో వెళ్తే తప్ప లోపలికి రానివ్వరు.

నీలగిరి లైబ్రరీ కొంత ఉదారం. 1859లో పెట్టిన సంస్థ. 1860ల చివర రాబర్ట్ చిజోమ్ గీసిన నమూనాతో కట్టిన ఎర్రటి భవనం. మద్రాసులో ప్రెసిడెన్సీ కాలేజీ, సెనేట్ హౌస్ కట్టిన చిజోమ్ ఈయనే. అక్కడ మహమ్మదీయ, హిందూ శైలులను కలిపి మేళవించినవాడు ఇక్కడ మాత్రం ఇంగ్లండు గోథిక్‌కు కట్టుబడ్డాడు. చదువుకునే హాలు కొసన నిలువెత్తు కిటికీ, దాని గుండా పడే వెలుతురు, కింద పాత తోలు కుర్చీలు. ప్రైస్ పుస్తకం చదవాలనుకునేవాళ్లకు ఇంతకంటే తగిన చోటు లేదు.

1899లో పళ్ల చక్రాల రైలు మెట్టుపాళయం నుంచి కున్నూరుకు, 1908లో ఊటీకి చేరింది. 46 కిలోమీటర్లు, 16 సొరంగాలు. 2005లో యునెస్కో జాబితాకెక్కింది. రైలు కథ కిందటి భాగంలో విపులంగా వచ్చింది కాబట్టి ఇక్కడ తిరగదోడను. రైలుతో వచ్చిన మార్పు ఒకటే చెప్పాలి. దొరల వెనకే రాజులూ ఎక్కారు.

కాటన్ కట్టిన ఫెర్న్‌హిల్ 1870ల్లో మైసూరు ఒడయార్ల చేతికి పోయింది. వాళ్లు దాన్ని రాజభవనంగా పెంచారు. నాట్యశాల పైకప్పు కాగితపు గుజ్జుతో అచ్చులు పోసిన నగిషీ. తడి వాతావరణంలో కాగితం నూరేళ్లు నిలవడం ఆశ్చర్యమే. ఇప్పుడది హోటల్. జోధ్‌పూర్ వారి అరన్‌మోర్ ఇప్పుడు తమిళగం పేరుతో ప్రభుత్వ అతిథిగృహం. హైదరాబాదు నిజాముకు సెడార్స్ అనే బంగళా ఉండేది. విజయనగరం పూసపాటివారికి ఎల్క్ హిల్ మీద ఇల్లు. వేసవిలో దొరను దర్శించుకోవాలంటే దొర ఉన్న ఊళ్లో ఇల్లుండాలి. నూజివీడు, పిఠాపురం, వెంకటగిరి వంటి ఎస్టేట్ల దివాణాల్లో ఏ వారసత్వపు తగాదా వచ్చినా, ఏ శిస్తు పేచీ వచ్చినా పెద్ద చేతులు కొండమీదే ఉండేవి. జమీందార్ల వేసవి ఖర్చు పద్దుల్లో ఊటీ రాసుకున్నది చలి కోసమే అని నేననుకోను.

జస్టిస్ పార్టీ రోజుల్లో పానగల్ రాజా, తర్వాత బొబ్బిలి రాజా మద్రాసు ప్రధానమంత్రులయ్యారు. ఏలేవాళ్లలో తెలుగువాళ్లు వచ్చినా వేసవి మకాం ఆనవాయితీ ఒక్కసారిగా పోలేదు, కురచవుతూ వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చేసరికి దఫ్తరాల పెట్టెలు కొండెక్కడం ఆగిపోయింది. ఖాళీ అయిన ఇళ్లు ఏమయ్యాయన్నదానికి ఊళ్లో తిరిగితే సమాధానం దొరుకుతుంది. కొన్ని బడులు, కొన్ని ఆస్పత్రులు, కొన్ని తోటల కంపెనీల అతిథిగృహాలు. చాలావరకు కూలిపోయి లాడ్జీలయ్యాయి. ఇనుపరేకు కప్పు, పొగగొట్టం, ముందుకు పొడుచుకొచ్చిన అద్దాల కిటికీ గూడు, చూరు అంచుకు చెక్క లేసు: ఈ నాలుగూ కలిసి ఉన్న ఇల్లు కనబడితే అది పాతదని తెలుసుకోవచ్చు. నాలుగోది ముందు ఊడిపోతుంది, బాగుచేసే వడ్రంగులు తగ్గిపోయారు గనక.

సరస్సు కూడా చిక్కింది. సలివాన్ చెరువు ఒకప్పుడు ఇప్పటి బస్టాండు, గుర్రపు పందేలు నడిచిన మైదానం ఉన్న చోటుదాకా పరుచుకునేది. కొంత పూడ్చి మైదానం చేశారు, కొంత పూడుకుపోయింది. 1993లో తమిళనాడు ప్రభుత్వం కొండపట్టణాలకు విడిగా భవన నియమాలు తెచ్చి ఎత్తుకు హద్దు పెట్టింది. ఆ హద్దు లేకపోతే సెయింట్ స్టీఫెన్స్ గుట్ట ఈపాటికి కింద రోడ్డుకు కనబడేది కాదు. కొత్త కట్టడాన్ని ఆపే నియమం పాత ఇంటిని కాపాడదు. కూల్చడానికి ఎవరి అనుమతీ అక్కర్లేని ఇళ్లు, వారసులు ముంబైలోనో లండన్‌లోనో ఉన్న ఇళ్లు, ఏటా రెండు వానాకాలాలు తడుస్తూ ఉంటాయి. ఊటీలో నైరుతీ కురుస్తుంది, ఈశాన్యమూ కురుస్తుంది.

వెళ్లాలనుకునేవాళ్లకు: సెయింట్ స్టీఫెన్స్ లోపలికి ఎవరైనా వెళ్లొచ్చు, ఆరాధన వేళ తప్ప. సలివాన్ కుటుంబం సమాధులు వెనక గుట్ట మీద, దారి జారుడుగా ఉంటుంది. స్టోన్‌హౌస్ చూడాలంటే కాలేజీ పనిరోజున ఆఫీసులో అడిగితే మంచిది. లైబ్రరీలో అనుమతి తీసుకోవాలి. గవర్నరు విడిది గేటు దాటనివ్వరు, కానీ బొటానికల్ గార్డెన్ పైమెట్టు మీద నిలబడితే చెట్ల సందుల్లోంచి తెల్లగోడ ఒక పక్క కనబడుతుంది.

వచ్చే వారం మన సీమకే వద్దాం. కడప కలెక్టర్ డబ్ల్యూ.డి. హార్స్‌లీ, మదనపల్లె దగ్గర ఏనుగు మల్లమ్మ కొండ ఎక్కి అక్కడ ఇల్లు వేసుకున్న సంగతి.